పేడపురుగును పోగొట్టుకున్నది మనమే

తెనాలి నుంచి బాపట్ల, రేపల్లె దాకా పాడి ఉన్న ఏ ఇంట్లో కదిపినా ఈగల బాధ చెబుతారు. పేడపురుగు ఊసు ఎవరం ఎత్తం. అది కనబడటం తగ్గిందని మనకు తెలియక కాదు. తెలిసినా దాన్ని నష్టం కింద లెక్కేసుకోలేదు.

పచ్చి పేడ వాసనకు నిమిషాల్లో వచ్చి వాలే పురుగది. పేడ కిందే బొరియ తవ్వి, ముద్దలు లోపలికి దింపి, వాటిలో గుడ్లు పెడుతుంది. గాలిలో కలిసిపోయే నత్రజని గడ్డి వేళ్లకు అందుతుంది, వాన నీరు ఆ బొరియల్లోకి ఇంకుతుంది. ఈగ పిల్లలకు తిండి ఉండదు, నట్టల పిల్లలకు గడ్డి మీదికి పాకే దారి ఉండదు. ఆస్ట్రేలియాలో ఆవుపేడను పూడ్చే పురుగులు చాలక, ఎండిన పేడ మేతబీళ్లను కప్పేసింది. జార్జ్ బోర్నెమిస్సా అనే శాస్త్రవేత్త చొరవతో 1968 నుంచి అక్కడ విదేశీ పేడపురుగులను వదిలారు. మనకు ఎవరూ తెచ్చివ్వక్కర్లేదు, ఉన్నవే ఉండేవి.

కొమ్మమూరు కాలువ గట్ల మీద మేసే గేదెలను కట్టుకొయ్యకు తెచ్చాం. మేపే మనుషులు దొరకలేదన్నాం. నిజమే, మన పిల్లలు ఆ పని చేయకూడదనుకున్నదీ మనమే, అది తప్పని కూడా నేననలేను. రేపల్లె వైపు బీళ్లు రొయ్యల చెరువులవుతుంటే మన పొలం కాదుకదా అని ఊరుకున్నాం. సావిట్లో పేడను పైపు నీళ్లతో మురుక్కాలువలోకి కొట్టేశాం.

తర్వాత ఐవర్‌మెక్టిన్ సూది. నట్టలూ పోతాయి, పిడుదులూ పోతాయి. దూడలను బతికించిన మందే, కాదనను. కానీ అది ఎక్కువగా పేడలోనే బయటికి వస్తుంది, ఆ పేడలో కొన్ని వారాలపాటు పురుగు పిల్లలు బతకలేవు. పేడ పరీక్ష చేయించి అవసరమైన గొడ్డుకే వేయించవచ్చు. నోటి ద్వారా పట్టే ఫెన్‌బెండజోల్ పేడపురుగుకు అంత చేటు చేయదు. అడిగితే చెప్పేవాళ్లు లేకపోలేదు. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఉంది. దోమకు ఏం కొట్టాలని అడిగిన నోటితోనే, కొట్టకూడనిది ఏదని అడగలేకపోయాం. పాలకేంద్రంలో వెన్న ఒక్క పాయింటు తగ్గితే మాత్రం నిలదీశాం.

ఇప్పుడు ఈగలకని గేదెల వీపు మీద డెల్టామెత్రిన్ కొడుతున్నాం. దాని అంశ కూడా పేడలోకే దిగి పేడపురుగును చంపుతుంది. ఈ సంగతి విన్నవాళ్లం పక్కింటివాళ్లకు చెప్పడం లేదు. చెబితే ముందు మన చూరులో ఉన్న డబ్బా తీసేయాలి.