టైసన్ పని అయిపోయిందా?

‘లైగర్’లో మన నర్సీపట్నం పూరీ జగన్నాథ్ చూపించిన మైక్ టైసన్, 2024 నవంబరులో 58 ఏళ్ల వయసులో 27 ఏళ్ల జేక్ పాల్ చేతిలో ఓడిపోయాడు. పని అయిపోయిందన్నారు. బాక్సర్‌గా అయిపోయింది, నిజమే. ఆ వయసులో కన్ను చూసినంత వేగంగా చెయ్యి లేవదు.

డాక్టరుగా నాకు ఆ ఓటమి కంటే అంతకు కొన్ని నెలల ముందు సంగతే ముఖ్యం. కడుపులో పుండు ముదిరి సగం రక్తం పోయిందని, ఎనిమిదిసార్లు ఎక్కించారని ఆయనే చెప్పాడు. ఆ కండలు చూస్తే నమ్ముతామా?

మీ నాన్నగారూ మోకాళ్ల నొప్పికి మందుల షాపు బిళ్లలు నెలల తరబడి మింగుతూ ‘నాకేం, గట్టిగానే ఉన్నాను’ అంటుంటారు. విరేచనం తారులా నల్లగా అవుతోందా అని అడగండి. సిగ్గుపడి తమంతట తాము చెప్పరు. అవుతుంటే ఆ నొప్పి బిళ్లలు ఆపించి, అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. గుండెకు రాసిన ఆస్పిరిన్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.