శనివారం ఫుడ్‌బ్యాంకు

తెనాలి నుంచి డాలస్ వచ్చిన మొదటి ఏడాది నేను మాట్లాడింది మా ఆయనతోనూ, ఫోన్లో అమ్మతోనూ మాత్రమే. ఉద్యోగ వీసా ఉన్నవారి వెంట హెచ్-4 వీసా మీద వచ్చినవాళ్లకు ఉద్యోగం చేసే వీల్లేదు. 2015 మే నుంచి కొందరికి అనుమతి దొరుకుతోంది గానీ, అదీ భర్త లేదా భార్య గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశ దాటాకే. నా ఎమ్మెస్సీ పట్టా సూట్‌కేసులోనే ఉండిపోయింది.

ఒక శనివారం, లేనివారికి తిండిసరుకులు పంచే ఫుడ్‌బ్యాంకుకు సాయం చేయడానికి వెళ్లాను. డబ్బాల మీద తేదీలు చూసి, ఉబ్బినవీ సొట్టపడ్డవీ పక్కన పెట్టడం పని. నా పక్కన నిలబడ్డ మెక్సికో పెద్దావిడకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. నాకేమో నోరు పెగలదు. ఎండు చిక్కుడుగింజల సంచి చూపించి ఎలా వండుతారని అడిగితే, చేతులతోనే వంటంతా చెప్పింది. ఒక వారం జ్వరమొచ్చి మానేస్తే, మరుసటి శనివారం ఏమైందని ఆరా తీసింది. ఇక్కడ నాకోసం ఎదురుచూసిన మొదటి మనిషి ఆవిడ.

మన తెలుగు సంఘాల ఉగాది వేడుకలంటే నాకూ ఇష్టమే. కానీ నేనున్న ఊరు నాకు పరిచయమైంది మాత్రం ఆ డబ్బాల దగ్గరే.

కొత్తగా వచ్చిన చెల్లెళ్లూ, అనుమతి కాగితం కోసం ఇంట్లో కూర్చుని ఎదురుచూడకండి. సేవాసంస్థల్లో జీతం లేకుండా చేసే సాయానికి ఆ కాగితం అక్కర్లేదు. ఈ శనివారమే వెళ్లండి.