సీసీ చూసి కొన్న మిషన్‌కి తుప్ప తెలీదు

పోస్టు పెద్దదే, ఓపిక పట్టండి. మీ ఇంట్లో కాఫీ తోటలో తుప్పలు కొట్టేవాళ్లు గానీ, జీడిమామిడి కింద బాగుచేసేవాళ్లు గానీ, ఎండాకాలం ముందు అడవిలో ఫైర్ లైన్ పనికి కూలీకెళ్లేవాళ్లు గానీ ఉంటే ఇది వాళ్లకి చదివి వినిపించండి.

మొన్న సబ్సిడీ బ్రష్ కట్టర్ల గురించి ఇక్కడ చర్చ నడిచినప్పుడు ఇద్దరు ముగ్గురు అన్నలు ఒకే మాట అన్నారు: "ప్రభుత్వం ఇస్తంటే ఏది ఇస్తే అది తీసుకోవాలి గానీ ఈ వంకలేటి?" దీనికి జవాబు చెప్పకుండా వదిలేస్తే రేపు ఆఫీసులో అదే మనందరి మాటగా చెలామణీ అవుతుంది.

ముందు డబ్బు సంగతి. ఎవరూ ఊరికే ఇవ్వట్లేదు. 2014-15లో మొదలైన కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో ఎస్టీ రైతుకి చాలా యంత్రాల మీద సబ్సిడీ 50 శాతం, అదీ ఒక పరిమితి దాకా. మిగతా సగం మన జేబులోదే. పసుపు అమ్మిన డబ్బు, మిరియాలు అమ్మిన డబ్బు. సగం కట్టినవాడికి ఏ మిషన్ కావాలో చెప్పే హక్కు సగమైనా ఉండాలి కదా? మనకి మాత్రం లిస్టులో పేరు చూపించి, సంతకం పెట్టించుకుని, డబ్బా చేతిలో పెడతారు.

ఇప్పుడు డబ్బాలో ఏముందో చూద్దాం. మా పంచాయతీకి వచ్చినవి నేను విప్పి చూశాను. పైన పెద్ద అక్షరాలతో 52 సీసీ. లోపల గొట్టం మీద చిన్న లూప్ హ్యాండిల్. నైలాన్ తాడు హెడ్డు ఒకటి, మూడు పళ్ల బ్లేడు ఒకటి, 40 పళ్ల గుండ్రటి రంపం బ్లేడు ఒకటి. గార్డు మాత్రం ఒక్కటే, అదీ నైలాన్ తాడుకి సరిపోయేది. భుజానికి ఒంటి పట్టీ, బడి సంచి పట్టీ లాంటిది. పొలం గట్టు మీద గడ్డికైతే ఇది చాలు. కానీ మనకిచ్చింది కొండ మీద తుప్పలు కొట్టడానికి. డెమో ఎక్కడ చేశారనుకున్నారు? స్కూలు గ్రౌండులో, గడ్డి మీద, పావుగంట.

సీసీ అంటే ఇంజిన్ సిలిండర్ సైజు. బలం కిలోవాట్లలో చూడాలి. అడవి పనికోసమే తయారైన క్లియరింగ్ సా, ఉదాహరణకి హుస్క్‌వర్నా 545 ఎఫ్ఎక్స్, 45.7 సీసీ, 2.2 కిలోవాట్లు. 52 సీసీ అని రాసుకున్న చవక మిషన్లలో చాలావాటికి కిలోవాట్ల దగ్గర చూస్తే అంతకంటే తక్కువే ఉంటుంది. కొన్నింటి మీద ఆ లెక్కే రాయరు. అందరం హుస్క్‌వర్నా కొనాలని కాదు నా మాట, అది మనం అందుకునే ధర కాదు. కానీ దాన్ని చూస్తే అడవి మిషన్‌కి ఏం ఉండాలో తెలుస్తుంది: సైకిల్ హ్యాండిల్ లాంటి రెండు చేతుల పిడి, బరువుని నడుం మీద వేసే జంట పట్టీల హార్నెస్, ప్రమాదమొస్తే ఒక్క లాగుతో ఊడిపోయే క్లిప్పు, రంపం బ్లేడుకి దాని సొంత గార్డు.

పిడి గురించి ఎందుకింత గొడవ అంటే, పైనుంచి చూస్తే ఈ బ్లేడు గడియారం ముళ్లకి ఎదురుదిక్కులో తిరుగుతుంది. బ్లేడునే గడియారం అనుకోండి, 12 మన ముందువైపు. 12కీ 3కీ మధ్య అంచు గట్టి కొమ్మకి తగిలిందా, మిషన్ మొత్తం విసురుగా పక్కకి తంతుంది. అందుకే ఎడమవైపు అంచుతో, దాదాపు 8 నుంచి 11 మధ్య భాగంతో కోయాలి. తన్నినప్పుడు బ్లేడు మన కాళ్లవైపు రాకుండా ఆపేవి ఆ వెడల్పు పిడి, నడుం దగ్గర కట్టిన హార్నెస్. లూప్ హ్యాండిల్ మిషన్‌కి ఆ అడ్డు లేదు. అందుకే లూప్ హ్యాండిల్‌కి రంపం బ్లేడు బిగించొద్దని పేరున్న కంపెనీలు మాన్యువల్‌లోనే రాస్తాయి. వీపు మీద ఇంజిన్ మోసే రకం ఏటవాలులో సుఖమే, కానీ వంగే గొట్టం వల్ల దానికి తన్నుడు ఆపే పట్టు ఇంకా తక్కువ. గడ్డికి వాడండి, రంపానికి వద్దు. ఇవేవీ చెప్పకుండా ఒకే డబ్బాలో లూప్ హ్యాండిలూ రంపం బ్లేడూ కలిపి పెట్టి అమ్మడాన్ని ఏమనాలి? చదువురాని కొండోళ్లు ఎవరడుగుతారులే అన్న ధీమా కాకపోతే?

బ్లేడు సంగతి కూడా మనవాళ్లకి ఎవరూ విప్పి చెప్పలేదు. మెత్తటి గడ్డికి నైలాన్ తాడు. ముదురు గడ్డికీ, బొటనవేలు లావు దాకా తుప్పలకీ మూడు పళ్ల బ్లేడు. అంతకు మించి, మణికట్టు లావు దాకా కర్రకి రంపం బ్లేడు, ఇంజిన్ ఫుల్ స్పీడులో ఉండగా. డబ్బాలో వచ్చే ఆ 40 పళ్ల దానికి పళ్ల చివర కార్బైడ్ ముక్కలు అతికించి ఉంటాయి. మన కొండంతా రాయే. రాయికి తగిలితే ఆ ముక్క ఊడి తూటాలా ఎగురుతుంది. ఒళ్లంతా ఒకే ఉక్కుతో చేసిన ఉలిపళ్ల రంపమైతే గుండ్రటి ఆకురాయితో మనమే ఇంటి దగ్గర పదును పెట్టుకోవచ్చు, టౌనుకి పరిగెత్తక్కర్లేదు. కాఫీ మొక్క మొదట్లోనూ, మిరియం తీగ పాకిన సిల్వర్ ఓక్ మొదట్లోనూ మాత్రం ఏ ఇనుప బ్లేడూ వద్దు. బెరడు లేచిపోతే ఏళ్ల కష్టం పోయినట్టే. అక్కడ కత్తే మేలు.

పని చేసే మనిషికి 15 మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదు. మన దగ్గర ఒకడు మిషన్ తిప్పుతుంటే, నరికిన తుప్ప లాగడానికి అక్కలు, పిల్లలు పక్కనే వంగి ఉంటారు. కూలి లెక్క కట్టేవాళ్లు ఆ దూరాన్ని లెక్కలో వేయరు, ఇద్దరి పని ఒక్క చోటే అవ్వాలంటారు. జాలీ ముసుగు ఒక్కటే కంటిని కాపాడదు, దాని లోపల కళ్లద్దాలు కూడా ఉండాలి. మన వాళ్ల కాళ్లకి హవాయి చెప్పులు.

ఇంకొకటి, వణుకు. రోజంతా తిప్పితే వేళ్లు తిమ్మిరెక్కి, చలికి తెల్లబడే జబ్బు వస్తుంది. యూరప్‌లో 8 గంటల పనికి చేతికి చేరే వణుకు 5 మీటర్/సెకను స్క్వేర్ దాటకూడదని చట్టముంది, 2.5 దగ్గరే జాగ్రత్తలు మొదలుపెట్టాలి. మంచి మిషన్ మాన్యువల్‌లో ఆ అంకె రాసి ఉంటుంది. లంబసింగి చలిలో పనిచేసే మన అన్నలకి ఆ అంకె అక్కర్లేదా?

"తాతలు కత్తితోనే కొట్టారు, మనకి మిషన్లెందుకు" అనేవాళ్లు కూడా ఉన్నారు. నడుం విరిగేది వాళ్లది కాదు కాబట్టి అంటారు. మిషన్ కావాలి. పనికి తగ్గది కావాలి.

కొన్ని పనులకి అసలు మిషనే తగదు. అడవి బాగుచేయడం అంటే ఇప్పుడు సగం లంటానా నరకడమే. దాన్ని నేలమట్టానికి రంపంతో కోస్తే వానాకాలానికి ఒక్క మొదలు నుంచి పది పిలకలు లేస్తాయి. మళ్లీ కూలి, మళ్లీ బిల్లు. కార్బెట్ పులుల అడవిలో ఢిల్లీ యూనివర్సిటీ వాళ్లు చేసి చూపించిన పద్ధతి వేరు: నేలకి 3 నుంచి 5 సెంటీమీటర్ల లోపల వేరుని నరికి, పొదని ఎత్తి తలకిందులుగా ఆరబెట్టడం. దానికి కావలసింది పలుగు, పార, ఓపిక. ఏటా కోసి ఏటా బిల్లు పెట్టుకునేవాళ్లకి ఈ పద్ధతి నచ్చదు, అది వేరే విషయం.

ఎవరు నిర్ణయించాలి అన్నదే నా గొడవ. 1996 పెసా చట్టం సెక్షన్ 4(ఇ) ప్రకారం పంచాయతీ ఏ అభివృద్ధి పథకం మొదలుపెట్టాలన్నా ముందు గ్రామసభ ఆమోదించాలి, లబ్ధిదారుల్ని కూడా గ్రామసభే గుర్తించాలి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఐ) సామూహిక అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు మనకే ఇచ్చింది. ఎక్కడ కొట్టాలి, ఎంత కొట్టాలి, దేనితో కొట్టాలి అన్నది నిర్వహణ కాకపోతే మరేటి? సంతకానికి మాత్రం పిలిచి, మిషన్ ఎంపికని టౌనులో డీలర్‌తో కూర్చుని తేల్చేస్తే ఒప్పుకోవద్దు.

కాబట్టి సెలవులకి ఊరెళ్లేవాళ్లకి పని చెప్తన్నాను. గ్రామసభలో తీర్మానం రాయించండి: తుప్పల పనికి సీసీతో పాటు కిలోవాట్లు, వణుకు అంకె రాసున్న మిషనే కావాలి, రెండు చేతుల పిడి, జంట పట్టీల హార్నెస్ ఉండాలి, ఏ బ్లేడు ఇస్తే దాని గార్డు ఇవ్వాలి, కళ్లద్దాలు, చెవి మూతలు, బూట్లు మిషన్‌తోనే రావాలి, డెమో మా కొండ మీద మా తుప్పలో చేయాలి, స్పేర్ పార్టులు మండలంలోనే దొరకాలి. మాన్యువల్ తెలుగులో ఉండాలి. కువి, ఆదివాసీ ఒడియా, సవర మాట్లాడే పెద్దలకి మనమే కూర్చుని చెప్దాం. ఈలోగా ఇప్పటికే మీ ఊరికొచ్చిన మిషన్ ఏదైనా సరే, పిడి, గార్డు, బ్లేడు మూడూ కనిపించేలా ఫొటో తీసి ఈ పోస్టు కింద పెట్టండి. ఏ ఊరికి ఏది అంటగట్టారో ఒక్కచోట చేరిస్తే తీర్మానంతో పాటు అవి కూడా జతచేద్దాం.