ఆ పొట్టలో ఉన్నది గాలే!

పొద్దున్నే స్నానం చేయిస్తుంటే పొట్ట మామూలుగానే ఉంటుంది. మధ్యాహ్నానికి కాస్త ఉబ్బుతుంది. సాయంత్రం అయ్యేసరికి డోలులా బిగుసుకుని, నిక్కరు ఎలాస్టిక్ గీతలు పడతాయి. తెల్లారేసరికి మళ్లీ మామూలే!

బామ్మగారు వాము నీళ్లు పట్టమంటారు. పక్కింటావిడ నులిపురుగులంటుంది. 'ఏం పెడుతున్నావో ఏమో' అని అమ్మనే తప్పుపట్టేవాళ్లూ ఉంటారు. మామూలు పిల్లలైతే నొప్పి ఎక్కడో చెబుతారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు చాలామంది చెప్పలేరు. ఏడుస్తారు, అన్నం తోసేస్తారు, చెయ్యి కొరుక్కుంటారు. మనమేమో మొండితనం అనుకుంటాం.

ఇలా పగలు పెరిగి రాత్రికి తగ్గే ఉబ్బరానికి గాలి మింగడం ఓ ముఖ్య కారణం. డాక్టర్లు దీన్ని ఏరోఫేజియా అంటారు. తినేటప్పుడు, తాగేటప్పుడు మనందరం కొంత గాలి మింగుతాం. అది త్రేన్పుగానో, కింది నుంచో పోతుంది. ఈ పిల్లలు తిండితో పనిలేకుండానే రోజంతా గుటకలు వేస్తుంటారు. నిద్రలో ఆ గుటకలు ఆగిపోతాయి, లోపలి గాలి బయటికి పోతుంది. అందుకే పొద్దున పొట్ట దిగి ఉంటుంది. ఎక్కువగా ఆడపిల్లల్లో కనిపించే రెట్ సిండ్రోమ్‌లోనూ ఈ సమస్య తరచూ ఉంటుంది.

ముందు గమనించండి

వారం రోజులపాటు పొద్దున, సాయంత్రం బొడ్డు మీదుగా టేపుతో కొలిచి ఓ పుస్తకంలో రాయండి. గుటకలు ఎప్పుడు ఎక్కువవుతున్నాయో చూడండి. కొత్తవాళ్లు వచ్చినప్పుడా? ఊరికే కూర్చున్నప్పుడా? ఫోన్లో చిన్న వీడియో తీయండి. డాక్టరుకి ఇవి ఎంతో ఉపయోగం. పాలు పడకపోవడం, పేగుల్లో అడ్డంకి వంటివి లేవని ఆయన తేల్చుకోవాలి కదా! మలబద్ధకం ఉంటే దానికీ మందు వాడాలి. లేకపోతే గాలి బయటికి పోయే దారి ఉండదు. ముక్కు దిబ్బడతో నోటితో గాలి పీల్చే పిల్లలకు ఆ వైద్యమూ చేయించాలి.

ఇంట్లో ఏం చేయొచ్చు?

నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలు, నెమ్మదిగా పెట్టండి. స్ట్రా, కూల్‌డ్రింకులు, చూయింగ్‌గమ్ మానిపించండి. 'మింగకు' అని కసరొద్దు. భయం, ఆందోళన పెరిగితే గుటకలూ పెరుగుతాయి. దాని బదులు పాట పాడించండి, 'ఆ...' అనిపించండి. నోరు తెరిచి ఉంటే గాలి మింగడం కష్టం. కాసేపు మింగకుండా ఉంటే మెచ్చుకోండి, ఇష్టమైన బొమ్మ ఇవ్వండి. ఇలా అలవాటు మార్పించడంలో సైకాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు సాయపడతారు. సికింద్రాబాద్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ, ఇప్పటి ఎన్ఐఈపీఐడీ, ఇలాంటి పిల్లల కోసమే పనిచేస్తోంది.

గ్యాస్ చుక్కల మందుతో పెద్దగా ఫలితం ఉండదు. లోపలికి వెళ్లే గాలిని అది ఆపలేదు. సమస్య తీవ్రంగా ఉంటే కొందరు డాక్టర్లు క్లోనజెపామ్ వంటి మందు ఇస్తారు. దాంతో మత్తు, చొంగ ఎక్కువ కావచ్చు. ఫిట్స్ మందులు వాడే పిల్లలైతే మరీ జాగ్రత్త. సొంతంగా కొని వేయొద్దు. పొట్టకు గొట్టం అమర్చిన పిల్లలకైతే దాని ద్వారా గాలి తీసే పద్ధతిని నర్సులు నేర్పిస్తారు.

ఆలస్యం వద్దు

రాత్రి కూడా పొట్ట దిగకపోయినా, పచ్చటి వాంతులైనా, మలం, గ్యాస్ రెండూ ఆగిపోయినా, జ్వరంతో పిల్లలు నీరసపడిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అరుదుగానే అయినా పేగు మెలిపడే ప్రమాదం, చిల్లుపడే ప్రమాదం ఉన్నాయి.

ఈ అలవాటు నాలుగు రోజుల్లో పోదు. కానీ పుస్తకంలోని సాయంత్రపు అంకె రెండు సెంటీమీటర్లు తగ్గినా పిల్లాడు ఆ రాత్రి అన్నం తోసేయకపోవచ్చు. అన్నట్టు, తప్పు అమ్మ వంటది కాదని బామ్మగారికీ ఓ మాట చెప్పండి!