ఆదివారం ఓ గంట... వారమంతా కమ్మదనం!

రాత్రి ఏడున్నర. భుజానికున్న బ్యాగు కూడా దించకుండానే ఆమె వంటింట్లోకి వెళ్లింది. వస్తూ వస్తూ వీధి చివర కర్రీ పాయింట్‌లో కొన్న పప్పు, వంకాయ కూర ప్యాకెట్లను గిన్నెల్లోకి వంచింది. అందరూ తినడానికి కూర్చున్నారు. ఐదో తరగతి చదివే కొడుకు రెండు ముద్దలు తిని, 'అమ్మమ్మ వాళ్లింట్లో పప్పులా లేదేంటమ్మా?' అన్నాడు. పెరుగన్నం కలుపుకొని మూడు నిమిషాల్లో లేచిపోయాడు. రోజంతా ఎవరి పరుగులో వాళ్లుండే ఆ ఇంట్లో నలుగురూ ఒకచోట కూర్చునేది ఆ ఒక్క పూటే. అదీ అయిపోయింది!

చాలా ఇళ్లలో ఇదే వరస. వండే ఓపిక లేక కొనడం, కొన్నది నచ్చక పిల్లలు సగం తిని వదిలేయడం, ఆ తప్పంతా తనదే అన్నట్టు తల్లి బాధపడటం. నిజానికి అమ్మమ్మ పప్పులో ఉన్న రహస్యం గంటల తరబడి వండటం కాదు. తినేముందు వేసే పోపు.

పోపులోనే ఉంది...
ఆవాలు, జీలకర్ర, ఇంగువల్లోని సువాసన నీళ్లలోకన్నా నూనెలో, నేతిలో బాగా దిగుతుంది. అందుకే పోపు పడగానే వంట ఘుమఘుమలాడుతుంది. పొద్దున వేసిన పోపు రాత్రి మళ్లీ వేడిచేసేసరికి ఆ వాసన చాలావరకు పోతుంది. కాబట్టి పప్పు పొద్దునే ఉడికించినా, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, పోపు మాత్రం రాత్రి తినేముందు వేయండి. నూనె కాగాక ముందు ఆవాలు. అవి చిటపటలాడాక మినప్పప్పు, ఎండుమిర్చి. పప్పు ఎర్రబడ్డాక జీలకర్ర, దంచిన వెల్లుల్లి. చివర్లో కరివేపాకు, ఇంగువ. అన్నీ కలిపి రెండు మూడు నిమిషాల పని.

సెలవు రోజు సాయం
ఆదివారం ఓ గంట కేటాయిస్తే వారమంతా తేలిక. గ్లాసు కందిపప్పు, అర గ్లాసు శనగపప్పు సన్నని సెగమీద విడివిడిగా కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. ఎనిమిది ఎండుమిర్చి, చెంచా జీలకర్ర కూడా వేయించి, ఉప్పు చేర్చి పొడి కొడితే కందిపొడి సిద్ధం. వేడి అన్నంలో నెయ్యితో సరే, బీన్స్, దొండకాయ, క్యాబేజీ వేపుళ్లు దించేముందు రెండు చెంచాలు చల్లినా ఆ కూరల రుచే మారిపోతుంది. తడి చెంచా మాత్రం పెట్టకండి.

చింతపండు నానబెట్టి చిక్కటి గుజ్జు తీసి, ఉప్పు, పసుపు, కాస్త నూనె వేసి దగ్గరపడేదాకా ఉడికించండి. గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచితే వారమంతా పులుసుకీ, చారుకీ, పులిహోరకీ అదే. అల్లంవెల్లుల్లి ముద్దలోనూ కాస్త ఉప్పు, నూనె కలిపితే త్వరగా పాడవదు.

అరగంటలో అన్నీ
ఇంటికి ముందు ఎవరు చేరితే వారు కందిపప్పు నానబెట్టాలి. అరగంట నానినా త్వరగా మెత్తబడుతుంది. కుక్కర్‌లో అడుగు గిన్నెలో పప్పు, పై గిన్నెలో బియ్యం పెడితే రెండూ ఒకేసారి అయిపోతాయి. చింతపండు పులుపు మాత్రం పప్పు ఉడికాకే వేయాలి. ముందే వేస్తే పప్పు ఓ పట్టాన ఉడకదు.

కుక్కర్ కూతలేసేలోపు తెలంగాణ ఇళ్లలో చేసే పచ్చిపులుసు కలిపేయొచ్చు. చింతపండు రసంలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, కాల్చి నలిపిన పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు, ఇష్టమైతే చిటికెడు బెల్లం. పైన పప్పుకోసం వేసిన పోపులోంచే ఓ చెంచా. ఉడికించే పనే లేదు.

అన్నం మిగిలితే రాత్రంతా బయట వదిలేయొద్దు. రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పొగలు వచ్చేలా ఒక్కసారే వేడిచేసుకోవాలి.

ఒక్కరి పనేనా?
ఎన్ని చిట్కాలు తెలిసినా చేసే చేతులు రెండే అయితే అలసట తప్పదు. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారు. ఇంటిపని చేసే మగవాళ్ల సగటు 88 నిమిషాలే. వేగంగా వండటం నేర్చుకోవాల్సింది అమ్మ ఒక్కరే కాదన్నమాట. మెంతికూర గిల్లడం, వెల్లుల్లి వలవడం పదేళ్ల పిల్లలు చేయగలరు. నాన్న పోపు వేయొచ్చు. తాము చేయి వేసిన కూరను పిల్లలు అంత తేలిగ్గా కాదనలేరు.

ఆ ఇంట్లోనూ అదే జరిగింది. ఓ బుధవారం రాత్రి కొడుకు వెల్లుల్లి వలిచాడు. కరివేపాకు దూశాడు. నాన్న పోపు వేశాడు. ఆవాలు కాస్త మాడాయి. అయినా ఎవరూ ఏమీ అనలేదు. వాడు పప్పు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. పెరుగు గిన్నె మూత తీయడానికి ఆ రాత్రి చాలాసేపే పట్టింది.