అమెరికా కొలబద్దతో మన గాయాన్ని కొలుస్తారా?

మన వాడల్లోకీ ఫోన్ వచ్చింది. ఊళ్లో రచ్చబండ మీద మనల్ని కూర్చోనివ్వని పెద్దలు ఫోన్‌లోని రచ్చబండ మీద మాత్రం ఆపలేకపోయారు. మంచిదే. అయితే ఆ రచ్చబండ ఎవరిది? అక్కడ ఏది దూషణ, ఏది కాదు అని తీర్పు చెప్పేదెవరు? ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబ్ మూడూ అమెరికా కంపెనీలవే.

అమెరికావాడికి రంగు వివక్ష అంటే ఏమిటో తెలుసు. నల్లజాతి ప్రజలు రక్తం ధారపోసి తెలిసేలా చేశారు. మరి కులం? రంగు ఒకటే, భాష ఒకటే, అయినా గ్లాసు వేరు! ఇది వాడి లెక్కకు అందదు. "మీ వాడకు పో" అన్న మాటలో కత్తి ఎక్కడుందో మనకు తెలుసు. వాడికీ, వాడి యంత్రానికీ అది మామూలు మాటే.

ఫేస్‌బుక్ నిబంధనల్లో కులం అనే మాట ఉంది కదా అంటారా? ఉంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టమూ పుస్తకంలో ఉంది! అమలు కావాలంటే మనుషులు కావాలి, డబ్బు కావాలి. 2021లో ఆ కంపెనీ లోపలి కాగితాలు బయటపడ్డాయి. తప్పుడు సమాచారాన్ని గుర్తించే పనికి పెట్టే ఖర్చులో 87 శాతం ఒక్క అమెరికాకే, మిగతా లోకమంతటికీ 13 శాతమేనని 'న్యూయార్క్ టైమ్స్' రాసింది. రోజూ వాడేవాళ్లలో ఉత్తర అమెరికావాళ్లు 10 శాతమే! బయటి సంస్థలతో చేయించే పని ఇందులో కలవలేదని కంపెనీ సంజాయిషీ ఇచ్చుకుంది. సరే, కలిపి చూపించమనండి.

పైగా మన గురించి అమెరికాకు చెబుతున్నదెవరు? ఎక్కువగా ముందు అక్కడికి చేరిన అగ్రకులాలవాళ్లే. 2022లో గూగుల్‌లో కులం మీద మాట్లాడాల్సిన దళిత కార్యకర్త తేన్‌మొళి సౌందరరాజన్ ప్రసంగం, కొందరు ఉద్యోగులు అభ్యంతరం చెప్పాక రద్దయింది. అయినా పోరాడితే కదలిక వస్తుంది. 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది.

నల్లజాతి పోరాటాన్ని మేము తక్కువ చేయడం లేదు. 1946లోనే బాబాసాహెబ్ నల్లజాతి నాయకుడు డ్యూబోయిస్‌కు ఉత్తరం రాశారు. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ కోసం మన పిల్లలూ గొంతు కలిపారు. కలపాల్సిందే. కానీ వాళ్లలో ఎందరికి 1985 కారంచేడు, 1991 చుండూరు తెలుసు? అమెరికా వార్త మన ఇంటికొస్తుంది. మన వార్త పొలిమేర దాటదు. కొట్లాట దీని మీదే.

అందుకే మిత్రులారా, ఫోన్‌లో కుల దూషణ కనబడితే కోపంతో చెరిపేయకండి. స్క్రీన్‌షాట్ తీసి, తేదీ రాసి దాచండి. కంపెనీకి ఫిర్యాదు పెట్టండి. అక్కడితో ఆగకుండా సంఘంతో కలిసి పోలీస్ స్టేషన్‌కు నడవండి. ఇలాంటి దూషణకూ 1989 చట్టం వర్తిస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. మీ ఊరి సంగతి మీ తెలుగులో మీరే రాయండి. మన గాయం పేరేమిటో చెప్పాల్సింది మనమే.

జై భీమ్!