చిన్న మర... పెద్ద ముప్పు

కళ్లజోడు మర ఊడిపోతుంటే బిగించి, పైన ఒక చుక్క గోళ్లరంగు వేస్తాం. ఈ చిట్కా మీలో చాలామందికి తెలిసిందే. కానీ అన్ని మరలకూ అది చాలదని నాకు ఈమధ్యే తెలిసొచ్చింది.

మేముండేది తెల్లాపూర్‌లో. పక్కనే కొల్లూరు నుంచి నార్సింగి దాకా, ఔటర్ రింగ్ రోడ్డు వెంట 14.5 కిలోమీటర్ల సైకిళ్ల దారి ఉంది. సోలార్ పలకల కప్పుతో 2023 అక్టోబరులో ప్రారంభించారు. మా అబ్బాయి తెల్లవారితే అటే పరుగు. సెలవు రోజైతే రాళ్లూ గుట్టలూ కూడా వదలడు. వాడిది వెనక చక్రానికీ సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ బైకు.

ఓ రోజు "అమ్మా, వెనక టక్కుటక్కుమంటోంది" అన్నాడు. "కొబ్బరినూనె రెండు చుక్కలు వెయ్యరా" అన్నాను. చప్పుడు తగ్గింది. నా తెలివికి నేనే మురిసిపోయాను! వారం తిరక్కుండానే మోచేతులు గీరుకుని ఇంటికొచ్చాడు. సస్పెన్షన్ బోల్టు సగం బయటికొచ్చేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. నూనె వెయ్యమన్నది నేనేగా!

సైకిళ్లు బాగుచేసే అబ్బాయి చెప్పాడు: "చప్పుడొస్తే ముందు మర చూడాలమ్మా. నూనె పడితే ఇంకా తేలిగ్గా జారుతుంది. గతుకుల్లో ఆ జాయింటు ఊరికే కదులుతుంటుంది కదా." దీనికి థ్రెడ్‌లాకర్ అనే మందుందట. 1953లో అమెరికాలో క్రీబుల్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసరు తయారుచేశారు. లోహం తగిలి, గాలి అందకపోతేనే ఇది గట్టిపడుతుంది. అందుకే సీసా నిండా నింపరు. మోసమేమో అనుకోకండి సుమా!

వాడే పద్ధతి ఇదీ. బోల్టులు ఒకేసారి కాక, ఒక్కొక్కటే విప్పండి. బోల్టుకూ, లోపలి మరలకూ ఉన్న నూనె, పాత మందు స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. మరల మీద ఒకటి రెండు చుక్కలు చాలు. బేరింగు మీద పడనివ్వకండి. సైకిలు పుస్తకంలో రాసినంత బలంతోనే బిగించాలి. అంతకు మించితే మరలు చెడిపోతాయి. ఆ కొలత చూపే పానా లేకపోతే రిపేరు షాపులోనే చేయించండి. తర్వాత ఒక రోజంతా సైకిలు కదపకండి.

నీలం రకమే అడగండి. పానాతో మళ్లీ విప్పుకోవచ్చు. ఎర్రది పట్టుకుంటే బాగా కాలిస్తే తప్ప వదలదు. ఆ వేడికి బేరింగులూ, రంగూ పాడవుతాయి. మిక్సీ, కుక్కర్ పిడుల్లాంటి ప్లాస్టిక్ భాగాలకు ఈ మందు వద్దు, కొన్ని రకాలు పగులుతాయి. చేతికంటితే సబ్బుతో కడుక్కోండి. సీసా పిల్లలకు అందనీయకండి.

ఇంకో మాట. వదులైన బోల్టును ఊరికే మళ్లీ బిగిస్తే లాభం లేదు. పాత మందు పట్టు ఊడిపోయి ఉంటుంది. విప్పి, తుడిచి, కొత్తది వేయాల్సిందే.

ఇప్పుడు మా ఇంట్లో ప్రతి ఆదివారం పప్పు కుక్కర్లో పెట్టి, అది కూతకొచ్చేలోగా సైకిలు మరలన్నీ వేలితో కదిపి చూస్తాను. మీ పిల్లల సైకిలు చప్పుడు చేస్తే నూనె సీసా కోసం వెతక్కండి. ముందు మర చూడండి!